గోదా గట్టు మీది పిల్ల

ఓదెలు పైల్వాన్ పేరు చెబితే చుట్టుపక్కల రెండు జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. అతని శిష్యులు పోటీలకు వెళ్తే వెండి కడియం లేకుండా తిరిగొచ్చేవాళ్లు కాదు. అంతటి మనిషి ఆ పొద్దున బిడ్డ చెయ్యి పట్టుకుని, మొహం వేలాడేసుకుని, తనకు కుస్తీ నేర్పిన మహబూబ్ వస్తాద్ దగ్గరికి వచ్చాడు. ముసలాయన తన తాలింఖానాలో, శిష్యులు కుస్తీ పట్టే ఎర్రమట్టి గోదా పక్కనే మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"వస్తాద్, నాకు భయమైతాంది."

ఓదెలు నోట ఆ మాట ఆయన ఎన్నడూ వినలేదు. తలెత్తి చూశాడు.

బిడ్డ పేరు లాస్య. పదేళ్లకే అరవై రెండు కిలోలు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మెడ చుట్టూ నల్లబడితే మురికి అనుకుని ఓదెలు పీచుతో కందిపోయేదాకా తోమాడట. డాక్టరమ్మ చూసి, "మురికి కాదయ్యా. షుగర్ వచ్చే ముందు ఇట్లా అవుతుంది. బరువు తగ్గాల్సిందే" అందట.

ఇంకేముంది, ఆనాటి నుంచి ఇంట్లో పాలు బంద్, నెయ్యి బంద్. పొద్దున యాభై, సాయంత్రం యాభై సార్లు కూచుని లేచే బైఠక్‌లు. రోజూ కాంటా ఎక్కించడం. నెల తిరిగేసరికి తగ్గకపోగా కిలోన్నర పెరిగింది. బడి సంచి దులిపితే బిస్కెట్ పొట్లాల కాగితాలు రాలాయి.

"చెయ్యెత్తిన వస్తాద్. పొల్ల ఏడ్వలే. కొట్టుకో నాయినా అన్నట్టు చూసింది. మా నాయినకు షుగర్‌తోనే కాలు తీసేసిండ్రు. ఇది పదేండ్ల పొల్ల! నాకు అన్నం సైస్తలేదు."

లాస్య తల దించుకుని గౌను అంచు మెలిపెడుతూ నిలబడింది.

"చిన్నప్పటి సంది ఏం పెట్టినవ్ రా పొల్లకు?" అడిగాడు వస్తాద్.

ఓదెలు ఛాతీ కాస్త పైకి లేచింది. "ఏం తక్కువ చెయ్యలే. మీరు నాకు చెప్పిన ఖురాకే. బాదంపాలు, నెయ్యి, గుడ్లు, తలకాయ కూర. నా శిష్యులకు పెట్టినట్టే మూడో ఏటి సంది పెట్టిన."

"మరి గోదాల ఎన్నడు దింపినవ్?"

ఓదెలు నోరు వెళ్లబెట్టాడు. "ఆడపొల్ల గద వస్తాద్! గోదాల అడుగు పెట్టద్దు గద. గట్టు మీద కూసోని చూసేది."

చూశారా మరి! పైల్వాన్ తిండి తినిపించి ఏడేళ్లు గట్టు మీద కూచోబెట్టాడు మహానుభావుడు!

వస్తాద్ మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, గోడకు ఆనించిన పార తెచ్చి లాస్య ముందు పెట్టాడు.

"దా బిడ్డా. పొద్దున్నే మట్టి తిరగెయ్యాలె. నాకు నడుము వంగుతలేదు."

లాస్య బిక్కుబిక్కుమంటూ తండ్రి వైపు చూసింది.

"వస్తాద్, రివాజు..." అన్నాడు ఓదెలు.

"గోదా నాది. రివాజు గూడ నాదే."

పిల్ల చెప్పులు విడిచి దిగింది. ఎనిమిది సార్లు పార వేసేసరికి ఊపిరాడక మట్టిలోనే కూలబడింది.

"లే! ఇంకో పది!" ఓదెలు అలవాటుకొద్దీ అరిచాడు.

వస్తాద్ చూపుడువేలు ఎత్తాడు. ఓదెలు నోరు మూసుకుని గట్టు మీద అటూ ఇటూ తిరగసాగాడు. పిల్లకేమైనా అయితే? ఎంతసేపటికీ లేవదేం? లాస్య మాత్రం తీరిగ్గా ఊపిరి నిమ్మళించేదాకా కూర్చుంది. లెక్కపెట్టేవాళ్లు లేరు. కాసేపటికి తనే లేచి పార అందుకుంది.

గోదాలో ఒక మూల మట్టి తిరగెయ్యడం అయింది. వస్తాద్ తన టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె సగం తుంచి, పాలకూర పప్పు వేసి ఆమెకిచ్చాడు. మిగతా సగం తను తిన్నాడు. ఇంకో ముక్క ఇవ్వబోతే లాస్య తల అడ్డంగా ఊపింది.

"సాలు తాతా."

ఆ మాట విని ఓదెలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తాతా, రేపు గూడ రావాల్నా?"

"తవ్వకపోతే మట్టి గట్టిపడుతది. నీ ఇష్టం బిడ్డా."

"వస్త," అంది.

ఓదెలు ఉండబట్టలేక వస్తాద్ దగ్గరికి జరిగాడు. "ఎన్ని దినాలకు తగ్గుతది వస్తాద్? నేనేం చెయ్యాలె? ఎన్ని బైఠక్‌లు తీపియ్యాలె?"

వస్తాద్ అతని చొక్కా గుండీల మధ్య నుంచి తోసుకొస్తున్న బొజ్జను చూశాడు.

"నువ్వు గోదాల దిగి ఎన్నేండ్లైంది రా?"

ఓదెలు చొక్కా కిందికి లాక్కున్నాడు.

"పొల్లకు జోడు కావాలె," అన్నాడు వస్తాద్. "దిగు."

ఓదెలు గబగబా గట్టు దిగాడు.

"నాయినా!" గట్టిగా అంది లాస్య. "చెప్పులు!"

పైల్వాన్ వెనక్కి ఎక్కి, చెప్పులు విడిచి, మళ్లీ దిగాడు.