మడ చెట్టులో దాక్కున్న సున్నం

ఒకప్పుడు మడ ఆకు చప్పగా ఉండేది. నమ్మరా? నమ్మకపోతే పోండి, నేను చెప్పేది చెబుతాను.

ఏరు సముద్రంలో కలిసేచోట, బురదలో ఒక మడ తల్లి ఉండేది. ఆమె కొమ్మకు ఒక్కటే కాయ. ఆ కాయలో ఆమె పిల్ల. ఆ రోజుల్లో వేళ్లకు ఒక మర్యాద ఉండేది. నీళ్లతో వచ్చినవాళ్లను పేరడక్కుండా లోపలికి రమ్మనాలి.

చెట్టు ఒళ్లంతా చిన్న చిన్న గదులు. ప్రతి గదిలోనూ ఒక చీకటి కొట్టు. అందులో సున్నాన్ని పెట్టి మడ తల్లి తాళం వేసేది. అది బయట తిరిగితే ఒళ్లు రాయైపోతుందని భయం.

ఒక మిట్టమధ్యాహ్నం గాలి ఆగిపోయింది. పిట్టలు నోరు మూసుకున్నాయి. పోటు నీళ్లతోపాటు ఉప్పు వచ్చింది.

"అక్కా, దాహమా? నీళ్లు తెచ్చాను," అంది మెత్తగా.

"రా చెల్లీ, రా," అని మడ తల్లి తలుపు తీసింది.

పక్క చెట్లూ తీశాయి. కాసేపటికి ఒక్కొక్కటే మాట మానేసింది. అయ్యో, ఏం చెప్పమంటారు! మొల్లోతు నీళ్లలో నిలబడి ఎండిపోయాయి. పిలిస్తే పలకలేదు. వాటి లోపలినుంచి ఉప్పు గొంతే వినిపించేది. "అక్కా, దాహమా?"

కొమ్మ మీద పిల్ల ఏడ్చింది. "అమ్మా, తాగేకొద్దీ నోరెండిపోతోందే!"

మడ తల్లి కేకేసింది. "ఇక చాలు చెల్లీ, వెళ్లిపో!"

"ఎక్కడికక్కా? నడుము దాకా వచ్చేశాను. ఇంకాస్త ఎక్కి నీ పిల్లను చూస్తాను," అని నవ్వింది ఉప్పు.

పైగదులకు ఈ సంగతి తెలియదు. కింద ఎంత అరిచినా అంతదూరం వినబడదు. అప్పుడు చీకటి కొట్టులో చప్పుడైంది. టక్. టక్.

"తలుపు తియ్యమ్మా," అంది సున్నం. "ఉప్పు కన్నా ముందు పరిగెత్తి గదిగదికీ కబురు చెబుతాను."

"తియ్యకు! రాయైపోతావు!" ఉప్పు గొంతులో మెత్తదనం పోయింది.

"అది నిజమే," అంది సున్నం. "పని కాగానే నన్ను లోపలికి నెట్టి తాళం వెయ్యి. జాలిపడ్డావో, నీ పిల్లను నేనే చంపుతాను."

మడ తల్లి కొట్టు తలుపు తీసింది. సున్నం తెల్లగా దూకి పక్క గది తట్టింది. అక్కడి సున్నం లేచి ఆపై గది తట్టింది. రెప్పపాటులో కబురు చిటారుకొమ్మకు చేరింది. గదులన్నీ ఉప్పును మెడపట్టి గెంటాయి. కిందిది బురదలో పడింది. పైకెక్కిన ఉప్పు చెమటలా ఆకుల మీదికి వచ్చిపడింది. పిల్ల ఊపిరి పీల్చుకుంది.

అప్పటికే మడ తల్లి వేళ్లు రాయిలా బిగుసుకుపోతున్నాయి.

"నా బిడ్డను బతికించావయ్యా. నిన్ను చీకట్లోకి ఎలా నెట్టను?"

"తొందరగా, అమ్మా!" అని అరిచింది సున్నం.

ఆమె ఏడుస్తూనే నెట్టింది. ఏడుస్తూనే తాళం వేసింది.

అప్పటినుంచే ఉప్పు వేరును తాకితే చాలు, మొక్కలో సున్నం లేచి పరిగెడుతుంది, కబురు చెప్పి మళ్లీ కొట్టులోకి పోతుంది. మడ ఆకు నాకి చూడండి, ఉప్పగా ఉంటుంది. మడ తల్లి ఈనాటికీ పిల్లను వట్టి గింజగా రాల్చదు. తన ఒంటిమీదే మొలకెత్తించి, ఆ కొట్టు తలుపు ఎప్పుడు తియ్యాలో చెప్పి, ఎంత ఏడుపొచ్చినా ఎప్పుడు వెయ్యాలో కూడా నేర్పించి, అప్పుడే బురదలోకి వదులుతుంది.