ఇరుకు వాకిట్లో మంచం

జిలానీ పంపిన మెయిల్ భీవండిలో ఉన్న రాజవ్వకు చేరింది. కానీ అందులో ఒక్క తెలుగు అక్షరమైనా లేదు, అన్నీ ప్రశ్నార్థకాలే. దానితో పాటు రికార్డు చేసి పంపిన బాబా గొంతు కూడా తెరుచుకోలేదు. దాని బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు పేజీలకు పేజీలు వచ్చిపడ్డాయి.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులవి. మగ్గాల పనికి వలసపోయిన రాజవ్వ, పెనిమిటి పోయాక అన్నం ముట్టడం మానేసింది. సొంతూరి దర్గాలో ఉండే కరీముల్లా షా బాబా నోట ఒక్క మాట వినాలని ఆమె ఆశ. ఆమె మరిది నెట్ సెంటర్‌లో కూర్చుని ఇంగ్లిషు అక్షరాల్లో జవాబు కొట్టి పంపాడు: "బాబా మా వదినెను ఇన్ని ప్రశ్నలు అడిగిండేంది? ఏం తప్పు చేసిన్నో అని ఆమె ఇంకింత దిగులు పడ్డది."

జిలానీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే రోషమూ వచ్చింది. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొలువు వదిలి దర్గాకు వచ్చినవాడు. మెయిల్ పంపే ప్రోగ్రామ్ కూడా సొంతంగా రాసుకున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా!

"నా దిక్కు నుంచి మంచిగనే పోయింది బాబా. నేను పంపేసిన. వాళ్ల కంప్యూటర్‌కే చదవరాదు" అన్నాడు.

"గొంతు ఎట్ల పోతది బేటా?" అని బాబా అడిగాడు.

జిలానీకి హుషారొచ్చింది. "ఆ దారి ఇరుకు బాబా. ఉత్త ఇంగ్లిషు అక్షరాలే పడతయి. అందుకే గొంతునైనా ఫోటోనైనా అక్షరాల కింద మార్చి, ముక్కలు చేసి పంపుతం. అవతల మళ్ల కలుపుకుంటరు. ఇది ఏ లిపి, ఎట్ల విప్పినం అని పైన ఓ చీటీ పెడతరు గానీ, తెలిసినోనికి అదెందుకు? నేను తీసేసిన."

బాబా తలూపాడు.

మధ్యాహ్నం ఒక ముసలి ఫకీరు జ్వరంతో వచ్చాడు. లోపలి గదిలో మంచం వేయమన్నాడు బాబా. వాకిలి ఇరుకు, మంచం పట్టలేదు. జిలానీ నవారు ఊడదీసి, మంచాన్ని చకచకా విప్పి, కోళ్లూ పట్టెలూ లోపలికి చేరవేశాడు.

తిప్పలు అక్కడ మొదలయ్యాయి. నాలుగు కోళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. కానీ ఏ పట్టె ఏ కోడులో దిగుతుందో తెలియదు. ఒకటి వదులు, ఒకటి బిగువు. జిలానీకి చెమటలు పట్టాయి. ఫకీరు గోడకానుకుని నిలబడలేక నిలబడ్డాడు.

"గదిల చీకటి బాబా. ఏమీ కనిపిస్తలేదు" అని జిలానీ విసుక్కున్నాడు.

"విప్పింది నువ్వే కద బేటా. తప్పు గదిదా?"

బాబా ధూపం కుంపట్లోంచి చల్లారిన బొగ్గుముక్క తీసి, అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

జిలానీ మళ్లీ మంచం ముందు కూర్చున్నాడు. పట్టెలు మార్చి మార్చి చూసి, చివరికి మంచం నిలబెట్టాడు. నవారు అల్లేముందు ప్రతి కోడు మీదా, దానిలో దిగిన పట్టె మీదా ఒకే గుర్తు బొగ్గుతో గీశాడు. ఫకీరును పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కంప్యూటర్ ముందుకు వెళ్లాడు.

ఇది తెలుగు, ఇది గొంతు, ఇట్లా కలుపుకోవాలి అని చెప్పే చీటీని మళ్లీ పైన పెట్టాడు. కింద ఇంగ్లిషు అక్షరాల్లో ఒక మాట చేర్చాడు: "కనబడుతుందా? వినబడుతుందా? మీరు చెప్పేదాకా ఇక్కడే కూసుంట."

మామూలుగా అయితే పంపగానే లేచిపోయేవాడు. ఇవాళ కదల్లేదు. తెచ్చుకున్న చాయ్ చల్లారిపోయింది.

పొద్దుగూకే వేళకు జవాబు వచ్చింది. "వదినెను తోలుకొచ్చిన. బాబా గొంతు విన్నది. మస్తు ఏడ్సింది. ఇప్పుడు ఆకలైతుందంటున్నది."

జిలానీ గుండె నిండిపోయింది. పరుగున లోపలి గదికి వెళ్లి ఆ మాట చెప్పాడు. బాబా ఫకీరు పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు.

"ఇప్పుడు పంపినవ్ బేటా" అన్నాడు.