ఏటిరేవు వెదుళ్లు

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివరనున్నవాళ్లు కూడా. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

పూర్వం కూర్మయ్యగారని ఒక ముసలి వైద్యుడు ఉండేవారు. ఊరి జనం ఒంటి బాగోగులు చూడమని దివాణం నియమించిన మనిషి. ఆయన శిష్యుడు సింహాద్రి. వాడు కట్టు కడితే విరిగిన కాలు వంకరపోదని ఊరంతా చెప్పుకునేవారు. ఆ మాట వాడి చెవినా పడింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఒకనాడు నూకాలు అనే చిన్నపిల్ల కాలి కట్టు విప్పాడు. నీళ్లకెళ్లి ఏటిరేవు మెట్ల మీద జారిపడ్డ పిల్ల. ఎముక చక్కగా అతుక్కుంది.

"ఇంక పరుగెత్తవే!" అన్నాడు మురిసిపోతూ.

పిల్ల కదల్లేదు. "నీళ్లకి మళ్లీ ఆ మెట్లే దిగాల కదా బాబూ," అంది బిక్కమొహంతో.

"పడితే నేను లేనూ? మళ్లీ కడతాను."

పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి. గురువుగారు ఆ మాట విన్నారు. లేచి వెళ్లిపోయారు.

మర్నాడు చూస్తే, బద్దలు చీల్చి కట్లు కట్టడానికని దివాణం పంపిన వెదురుబొంగులు ఒక్కటీ లేవు. సింహాద్రి వెతుక్కుంటూ రేవుకు పరుగెత్తాడు. గురువుగారు పంచె ఎగ్గట్టి, మెట్ల పక్కన గుంజలు పాతి, వాటికి అడ్డంగా ఆ వెదుళ్లు కడుతున్నారు. మెట్ల మీది పాచి అప్పటికే గీకేశారు.

"వైద్యులుగారు పందిరేస్తన్నారే, పెళ్లెవరికో!" అని నీళ్లకొచ్చిన ఆడవాళ్లు నవ్వుతున్నారు.

సింహాద్రికి తల కొట్టేసినట్టయింది. "అవి వైద్యానికని ఇచ్చినవి గురువుగారూ!"

"వైద్యమే చేస్తున్నాను నాయనా."

"ఇక్కడ ఎవరి కాలు విరిగిందని?"

"ఇంకా ఎవరిదీ విరగలేదు," అన్నారాయన ముడి బిగిస్తూ. "ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాడు, మొహం గంటు పెట్టుకునే.

అంతలో నూకాలు బిందె చంకనెత్తుకుని వచ్చింది. పైమెట్టు మీదే ఆగిపోయింది. వెదురు వైపు చెయ్యి చాపింది. అందలేదు. మునివేళ్ల మీద నిక్కింది. అయినా అందలేదు.

గురువుగారు అటు తిరిగి ఉన్నారు. చూసినవాడు సింహాద్రి ఒక్కడే.

వాడు వెళ్లి ఆ పిల్ల చేత బిందె కింద పెట్టించాడు. ఆ చెయ్యి ఎంతెత్తుకు వస్తుందో చూసుకున్నాడు. ఇంకో వెదురు తెచ్చి, సరిగ్గా అక్కడ, పసికాలికి కట్టు కట్టినంత మెల్లగా కట్టసాగాడు.

నూకాలు దాన్ని పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.

ఊఁ, లేవండర్రా. అన్నాలు చల్లారిపోతాయి, ఇళ్లకెళ్లి తినండి.