ఓబక్క దండెం

అనగనగా అంటే నిన్నో మొన్నో అనుకునేరు. మా తాతకు తాత ఉయ్యాల్లో ఉన్నప్పటికే పాతబడిపోయిన కథ ఇది. ఆ కాలంలో గుట్టలు ఇప్పటికన్నా ఎత్తుగా ఉండేవట. మనుషులు ఇప్పటికన్నా ఎక్కువ నిజం చెప్పేవాళ్ళట. మొదటిది నమ్మండి. రెండోది నమ్మాలో వద్దో కథ విన్నాక మీరే చెప్పండి. ఊఁ కొట్టేవాళ్ళు గట్టిగా కొట్టండి. నిద్రపోయేవాళ్ళు గురక పెట్టకుండా నిద్రపోండి.

ఎర్రగుట్ట కింద ఒక పెద్ద బీడు ఉండేది. మోకాలెత్తు గడ్డి. గడ్డి నిండా పిట్టలు. కౌజులు, పూరేళ్ళు, గువ్వలు. బీడుకు ఈ పక్క రైతుల ఊరు, ఆ పక్క వేటగాళ్ళ గూడెం. రైతులు జొన్నా కొర్రా పండించేవాళ్ళు. గూడెంవాళ్ళు పిట్టలు పట్టి, సంతలో గింజలకు మార్చుకునేవాళ్ళు. ఒకరి మొహం ఒకరికి పెద్దగా నచ్చకపోయినా, ఒకరి సరుకు ఒకరికి కావాలి. అట్లా రోజులు సాఫీగానే పోతుండేవి.

గూడెంలో ఓబక్క అని ఒక ముసలామె. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. పొలం లేదు. ఉన్నదల్లా చేతిలో పని. ఆమె పిట్టలు పట్టే ఉచ్చులు పేనేది. గుర్రపు తోక వెంట్రుకలు తెచ్చి, తొడ మీద పెట్టి, అరచేత్తో రుద్ది, సన్నగా, గట్టిగా పేనేది. ముడి వేసి, చిన్న మేకుకు కట్టి ఇచ్చేది. గడ్డిలో పాతితే కంటికి కనబడదు, పిట్ట కాలు పడితే జారదు. ఆ సీమను ఏలే పాలెగాడు ముద్దునాయుడి గుర్రాలకు తోకలెప్పుడూ పొట్టిగానే ఉండేవంటే, అది మా ఓబక్క చలవే.

అట్లని ఆమేదో పిట్టల మీద జాలితో కరిగిపోయే మనిషి అనుకోకండి. కౌజు పులుసంటే ఆమెకు ప్రాణం. ఎముకలు కూడా వదిలేది కాదు. కానీ ఉచ్చు ఎవరి చేతిలో పెట్టినా మూడు మాటలు చెప్పేది.

"గుడ్ల కాలంలో పన్నొద్దు. పొద్దు గూకినాక ఉంచొద్దు. పెట్ట పడితే ఉంచుకోవద్దు."

"అట్లనే ఓబక్కా" అనేవాళ్ళు. అనేవాళ్ళు, పోయేవాళ్ళు, మరిచేవాళ్ళు.

ఇట్లా ఉండగా ఒక ఏడు పట్నం నుంచి ఒక షావుకారు బండి కట్టుకొని వచ్చాడు. బండి నిండా ఖాళీ గంపలు. "ఏ పిట్టైనా తీసుకుంటా, ఎన్నైనా తీసుకుంటా, ఎప్పుడైనా తీసుకుంటా" అన్నాడు. ఇంకేముంది! వేటగాడు ఉచ్చు పన్నాడంటే అది వాడి కులవృత్తి. రైతూ పన్నాడు. గొర్రెలు కాసేవాడూ పన్నాడు. మంగలి కూడా కత్తి పక్కనపెట్టి బీట్లోకి దిగాడు. ఆ నెలంతా ఊరి మగవాళ్ళు గడ్డాలతోనే తిరిగారు. ఓబక్క ఒక్కతే ఎన్నని పేనుతుంది? దొరకనివాళ్ళు గోగునారతో పేనుకున్నారు. ఆ నార పిట్ట కాలిని కోసేది.

"గుడ్ల కాలంరా నాయనా, పన్నొద్దండ్రా" అని ఓబక్క అరిచింది.

"అట్లనే ఓబక్కా" అన్నారు. అన్నారు, పోయారు, మరిచారు.

మొదటి ఏడు బీట్లో పూరేళ్ళు పలచబడ్డాయి. రెండో ఏడు తెల్లవారితే కౌజు కూత వినబడలేదు. మూడో ఏడు మిడతలొచ్చాయి. మిడతల్ని తినే పిట్ట లేదు. జొన్న చేలన్నీ చీపుళ్ళయ్యాయి.

రైతులు లబోదిబోమంటూ ముద్దునాయుడి దగ్గరికి పోయారు. "దొరా, పిట్టల్ని నాశనం చేసింది ఆ గూడెమోళ్ళే" అన్నారు. తమ ఉచ్చుల్ని మాత్రం అటక మీద దాచిపెట్టి మరీ వచ్చారు. ఎవరి ఉచ్చు చూసినా ఒకే తీరుగా ఉంటుంది కదా, ఎవరిదని పట్టుకుంటారు?

ముద్దునాయుడు పేరులో ముద్దే గాని మనిషి అగ్గి. "తొలకరి పడేలోగా గూడెం ఖాళీ చెయ్యాల. లేదా గుడిసెలు కాలిపోతాయి" అని కబురంపాడు.

గూడెంలో ఏడుపులు. గూడెం పెద్ద తిప్పన్న ఓబక్క గుడిసె ముందర కూలబడ్డాడు. "తాతల నాటి నేల అక్కా. పిల్లా జెల్లను ఏసుకొని యాడికి పోదుము?"

"పోయేదేంటికి? లెయ్" అంది ఓబక్క. కొంగు దోపుకొని నేరుగా ముద్దునాయుడి వాకిట్లోకి పోయి నిలబడింది.

"ఏం ముసిల్దానా, నా గుర్రాలకు తోకలేమన్నా మిగిలినాయేమోనని చూసిపోను వచ్చినావా?" అన్నాడు ముద్దునాయుడు.

"తోకలు మళ్ళా మొలుస్తాయి దొరా. గూడెం మొలవదు. ఒక ఏడు గడువియ్యండి."

"గడువిస్తే ఏం జేస్తావు?"

"ఏ ఉచ్చు ఎవరిదో తెలిసేట్టు జేస్తా. తప్పు జేసినోడు తెలిస్తే, జెయ్యనోడు బతుకుతాడు."

"ఉచ్చులన్నీ కాల్చేస్తే పోలా?"

"కాలిస్తే నాలుగు దినాలకు మళ్ళా దొంగగా పేనుకుంటారు. పిట్టను తినొద్దని ఎవరన్నారు దొరా? నేనూ తింటా. తిన్నంత మళ్ళా పుట్టనియ్యమంటా, అంతే."

ముద్దునాయుడు మీసం సవరించుకున్నాడు. "సరే. వచ్చే ఏడు తొలకరి దాకా గడువు. ఈలోగా బీట్లో తప్పు ఉచ్చు ఒక్కటి దొరికి, అది ఎవరిదో నువ్వు చెప్పలేకపోతే, గూడెం లేదు" అన్నాడు.

ఓబక్క తిరిగొచ్చి చాటింపు వేయించింది. పాత ఉచ్చు తెచ్చిన వాళ్ళకు కొత్త ఉచ్చు ఊరికే ఇస్తుంది. కాకపోతే ఒక్క షరతు. ఎవరి ఇంటి గుడ్డ నుంచి వాళ్ళు ఒక పేలిక చింపి ఇవ్వాలి. ఆ పేలికను ఆమే మేకుకు ముడి వేస్తుంది. పేలిక ఉన్న ఉచ్చు ఆ ఇంటిది. పేలిక లేని ఉచ్చు ఎవరిదీ కాదు, కనబడితే ఎవరైనా తెంపెయ్యచ్చు.

జనం నవ్వారు. నవ్వినా ఊరికే వచ్చేదాన్ని ఎవరు వదులుకుంటారు? తలగుడ్డ చింపినవాడు తలగుడ్డ చింపాడు, పంచె చింపినవాడు పంచె చింపాడు. ఓబక్క కూడా తన పాత ఆకుపచ్చ కోక చెంగు చింపి తన ఉచ్చుకు కట్టుకుంది. తరవాత సంత జరిగే చోట రెండు తుమ్మ గుంజలు పాతించి దండెం కట్టించింది. ఆమె మూడు మాటల్లో ఒక్కటి తప్పిన ఉచ్చు దొరికినా దాన్ని అందరూ చూసేట్టు ఆ దండేనికి వేలాడదీస్తారు. ఉచ్చుగలవాడు చాటెడు కొర్రలు నెత్తిన పెట్టుకొని, పట్టపగలు, సంత మధ్యలోంచి నడిచి, గుట్ట మీది బండపైన పిట్టలకు చల్లి రావాలి.

మొదట దండెమెక్కింది ఎవరి ఉచ్చనుకున్నారు? గూడెం మీద అందరికన్నా గట్టిగా అరిచిన పెద్దరైతుది. "గాలికి కొట్టుకొచ్చినట్టుంది" అన్నాడు. "మేకు పాతే గాలి యాడిదబ్బా!" అని సంతంతా ఒకటే నవ్వు. కొర్రలు మోశాడు. తరవాత ఎక్కింది మంగలిది. "నేను కాదు, నా పెండ్లాం పన్నింది" అన్నాడు. పెండ్లాం అక్కడే ఉంది. కొర్రలు మోయడంతో పాటు వాడికి ఇంటికి పోయాక ఇంకేం జరిగిందో నేను చెప్పను, పిల్లలున్నారు.

నవ్వులపాలు కావడం కన్నా పిట్టను వదిలెయ్యడమే మేలనిపించింది జనానికి. పొద్దు గూకకముందే ఉచ్చులు పీకేవాళ్ళు. పెట్ట పడితే కాలు నిమిరి ఎగరేసేవాళ్ళు. షావుకారు బండి ఖాళీ గంపలతో వచ్చి, ఖాళీ గంపలతోనే పోయింది. ఒక తెల్లవారుజామున గుట్ట పక్కన కౌజు కూసింది. గూడెంలో ఆడవాళ్ళు పొయ్యి ముట్టించడం ఆపి విన్నారు. ఆ పొద్దు ఓబక్కకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తొలి చినుకులతో మళ్ళీ గుడ్ల కాలం వచ్చింది. గడువు ముగిసే సంత ఇక దగ్గర్లోనే ఉంది. అప్పుడు ఓబక్కకు జ్వరం తగిలింది. లేచేసరికి నోరంతా చేదు. గుడిసె వెనకాల గడ్డిలో ఒక కౌజు కూస్తోంది. ఆమెకు పులుసు గుర్తొచ్చింది. "పుంజే గదా, ఒక్కటే గదా, ఇప్పుడే తీసేస్తా గదా" అనుకుంది. పొద్దు వాలుతుండగా తన ఉచ్చు పన్ని వచ్చి నడుం వాల్చింది. జ్వరం మనిషి, కన్ను మూతపడింది.

తెల్లారి పోయి చూస్తే ఉచ్చులో పెట్ట చచ్చి పడి ఉంది. పక్క గడ్డిదుబ్బు కింద గుడ్లు చల్లబడి ఉన్నాయి. చెప్పిన మూడు మాటలూ ఒక్క ఉచ్చుతోనే తప్పింది. ఓబక్క ఆ గడ్డిలోనే కూచుని చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. చూసినవాడు లేడు. పేలిక విప్పి పారేస్తే అడిగేవాడు లేడు. అయినా ఆ ఉచ్చును అట్లాగే కొంగున ముడేసుకుంది.

సంత రోజు వచ్చింది. ముద్దునాయుడు, పల్లకీలో దొరసాని, వాళ్ళ వెంట ఇంటివాళ్ళు గడువు చూడటానికి వచ్చారు. అప్పుడే తిప్పన్న ఓబక్క దగ్గరికి వచ్చాడు. వాడి చేతిలో ఇంకో ఉచ్చు. బీట్లో దొరికింది, చచ్చిన గువ్వతో సహా. దాని మేకుకు పట్టు పేలిక ఉంది. ఆ సీమలో పట్టు ఉన్నది ఒక్క ఇంట్లోనే. పట్టు పేలిక తెచ్చి ఉచ్చు తీసుకుపోయింది దొరసాని తమ్ముడు కొండప్ప. అక్క ఇంట్లో తిని, మీసం దువ్వి, మధ్యాహ్నానికి లేచే రకం.

"ఇది కడితే కొండప్పదొర గుడిసెలు కాలుస్తానన్నాడు అక్కా. కట్టకపోతే ఇచ్చిన మాట పోతాది, గూడెమూ పోతాది. ఏం జేద్దుము?" అన్నాడు తిప్పన్న.

ఓబక్క దండెం దగ్గరికి నడిచింది. కొంగు ముడి విప్పింది. ఆకుపచ్చ పేలిక ఉచ్చును తీసి అందరి ముందర దండేనికి కట్టింది.

"ఇది నాది" అంది. "గుడ్ల కాలంలో పన్నినా. పొద్దు గూకినాక ఉంచినా. పెట్టను చంపినా. గుడ్లు కూడా పోయినాయి. మీకు చెప్పిన నోటితోనే నేను తినాలనుకున్నా."

సంతలో ఎవరికీ నవ్వు రాలేదు.

"నా సిగ్గు నేనే కట్టుకున్నా. ఇంకొకటుంది" అని తిప్పన్న చేతిలోది తీసుకొని పైకెత్తింది. "దీని సొంతదారు వచ్చి కట్టుకుంటే మర్యాదగా ఉంటాది."

పల్లకీ పక్కన నిలబడ్డ కొండప్ప నేలచూపులు చూశాడు. ఇంతలో దొరసాని పల్లకీలోంచి తల బయటపెట్టింది. "ఏదీ, ఇట్లా చూపించు. అయ్యో, అది నా పెండ్లి పట్టుచీర అంచు గదా! ఎలుక కొరికిందని ఏడాదిగా ఇల్లంతా బోన్లు పెట్టిస్తావుండా!"

సొంత తలగుడ్డ చింపడం నామోషీ అనుకొని, కొండప్ప అక్క చీర చింపాడన్నమాట.

ముద్దునాయుడి మొహం కందగడ్డయింది. చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. ఓబక్కను చూశాడు. దండెం మీద ఊగుతున్న ఆకుపచ్చ పేలికను చూశాడు. ఆయనకు ముందు సిగ్గేసింది, ఆ వెనక నవ్వొచ్చింది. "ఎలుక దొరికిందిలే" అని పెండ్లాంతో అని, బావమరిది వైపు తిరిగాడు. "జ్వరంతో ఉండే ముసిల్ది తనది తానే కట్టుకున్నాది. నువ్వు దున్నపోతులా ఉండావు, నీకేం రోగం? పోయి కట్టు."

కొండప్ప కట్టాడు. చాటెడు కొర్రలు ఓబక్క నెత్తిన, చాటెడు కొర్రలు కొండప్ప నెత్తిన. ఇద్దరూ పట్టపగలు సంత మధ్యలోంచి గుట్టకు నడిచారు. సగం దారిలో ఆమె చాట కూడా కొండప్పే మోశాడని కొందరంటారు. నేను నమ్మను. కానీ మంచిమాట కాబట్టి చెప్పకుండా ఉండలేను.

గూడెం నిలిచింది. ఓబక్క ఇంకా చాలా ఏళ్ళు ఉచ్చులు పేనింది, కౌజు పులుసు తింది, ఒకనాడు కడుపునిండా తిని పడుకొని మరి లేవలేదు. ఆమెకు గుడి కట్టలేదు. రాయి నిలపలేదు. దండెం మాత్రం ఉంది. గుంజలు చెదలు పడితే కొత్తవి పాతుతారు.

కథలన్నీ కంచికి పోతాయంటారు గాని, ఇది మా బీడు దాటి పోలేదు. ఇప్పటికీ మా వైపు తప్పు చేసి బుకాయించేవాణ్ణి "ఓబక్క దండెం ఎక్కుతావు జాగ్రత్త" అంటారు. తొలి వాన పడ్డాక అందరూ ఉచ్చులు తెచ్చి ఆ దండేనికి కట్టేస్తారు. పిట్ట పిల్లలు రెక్కలొచ్చి ఎగిరేదాకా ముట్టరు. అందరికన్నా ముందు కట్టాల్సింది ఊరికి పెద్ద. ఊరికే కట్టడం కాదు, ఆ ఏడు తాను చేసిన తప్పు నోరారా చెప్పి కట్టాలి.

ఒకసారి కొత్తగా పెద్దరికం వచ్చిన ఒకాయన, "నేనే తప్పూ చెయ్యలేదు" అన్నాడట. జనం ఆయన చేతిలోని ఉచ్చు మెల్లగా తీసుకొని, "అయితే నువ్వింకా పెద్దోడివి కాలేదు నాయనా. పక్కన నిలబడు" అన్నారట. ఆయన అలిగి ఇంటికి పోయాడు. మరుసటి ఏడు తొలి వానకు అందరికన్నా ముందే వచ్చి, తడుస్తూ, ఉచ్చు చేతపట్టుకొని దండెం కింద నిలబడ్డాడు.