వానలో తగ్గిన వాగు

కొట్రయ్య చేతికి ఆ రోజు మొదటిసారి తెల్లగుడ్డ వచ్చింది. గుడ్డతో పాటు నలభైమంది ప్రాణాలు కూడా చేతికొచ్చాయి. అది మాత్రం అతనికి తట్టలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నల్లమలలో ఒక వాగు. ఒడ్డున చిన్న మఠం. కొండమీద శివయ్యను చూడబోయే భక్తులెవరైనా ఆ వాగు దాటాల్సిందే. రేవులో ఒక కొలతరాయి, దానిమీద పన్నెండు గీతలు. నీళ్లు నాలుగో గీతకు దిగితే మఠం వాళ్లు తెల్లగుడ్డ ఊపుతారు, జనం దాటుతారు. ఊపకపోతే ఎంతటివాడైనా ఆగాల్సిందే. నలభై ఏళ్లుగా ఆ గుడ్డ శరభయ్య స్వామి చేతిలోనే ఉంది.

ఆయన శిష్యుడు కొట్రయ్య. మూడేళ్లుగా రోజుకు మూడుసార్లు గీత చూసి పుస్తకంలో రాస్తున్నాడు. మఠం బావిలో తాడు వదిలి నీటిమట్టం కొలుస్తున్నాడు. ఒక్క పూట తప్పలేదు. "కళ్లకు గంతలు కట్టండి, చప్పుడు విని గీత చెప్తాను" అనేవాడు. నిజంగానే చెప్పేవాడు కూడా. అబద్ధం చెప్పేవాడికి భయమైనా ఉంటుంది. నిజం చెప్పేవాడికే గర్వం త్వరగా తలకెక్కుతుంది, ఏమంటారు?

మోకాళ్ల నొప్పితో స్వామి ఆ మధ్యాహ్నం గుడ్డ అతని చేతిలో పెట్టాడు. "ఇవాళ నువ్వు చూడు నాయనా."

రెండు రోజులుగా వాన. చావడిలో చిక్కుకున్న భక్తుల్లో పుల్లమ్మ అని ఒక అవ్వ ఉంది. మనవడు బతికితే వస్తానని మొక్కుకుంది, వాడు బతికాడు.

"ఏమబ్బా చిన్నసామీ, మీ గంజి తాగీ తాగీ నా కడుపులోనే వాగు పారతాంది. ఎప్పుడు దాటిస్తావ్?"

"తొమ్మిదో గీత మీదుంది అవ్వా. రేపటిదాకా ఆశలేదు."

అతనలా అన్న కాసేపటికే వాగు దిగడం మొదలుపెట్టింది. ఏడు. అయిదు. కొట్రయ్య కళ్లు తుడుచుకుని వంగి చూశాడు. మూడు!

వాన మాత్రం అలాగే కుండపోతగా పడుతోంది.

"మూడో గీత!" అని అరిచాడు.

"శివయ్యా, నీ దయ!" అంటూ జనం మూటలు నెత్తికెత్తుకుని రేవు ఒడ్డుకు చేరారు. కొట్రయ్య గుడ్డ పట్టుకుని వసారాలోకి పరుగెత్తాడు.

"స్వామీ, మూడుకు దిగింది. ఊపనా?"

స్వామి మెల్లగా లేచాడు. చూరు దగ్గరికి వచ్చాడు. పైనుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. రెండు చేతులూ దోసిలి పట్టి ధార కింద పెట్టాడు. అరుగు మీద పడే ధార సన్నబడి, చుక్కలైంది.

"కింద ఎన్నో గీత, నాయనా?"

కొట్రయ్యకు నవ్వు రాబోయింది. అంతలో స్వామి చేతులు విడదీశాడు. దోసెడు నీళ్లూ ఒక్కసారిగా రాతిమీద పడి అతని ముఖానికి కొట్టాయి.

కొట్రయ్య మెల్లగా తలెత్తి కొండవైపు చూశాడు. లోయ మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది.

"పైన... నీళ్లకేదో అడ్డం పడింది!"

"పో!" అన్నాడు స్వామి.

పుల్లమ్మ గుడ్డకోసం ఆగలేదు. మోకాటిలోతు నీళ్లలో ఉంది. ఆమె చేయి పట్టుకుని మరో నలుగురు దిగారు.

"అవ్వా, వెనక్కి రా!"

"మూడని నువ్వే అంటివి కదప్పా!"

"తప్పు చెప్పాను! నాకు తెలీలేదు! అందరూ వెనక్కి రండి!"

ఒడ్డున ఎవరో నవ్వారు. "సామికే లెక్క రాదంట!"

కొట్రయ్య నీళ్లలోకి దూకాడు. నలుగుర్నీ ఒడ్డుకు తోశాడు. అవ్వను రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. ఆమె మూట జారి, మొక్కు కొబ్బరికాయలు వాగులో తేలిపోయాయి.

"నీ చేతులు పడిపోనూ! నా కొబ్బరికాయలురా..."

మాట పూర్తికాలేదు. మలుపు అవతల బండలు ఒరుసుకున్న చప్పుడు. వేళ్లతో సహా ఒక మద్దిచెట్టు దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనకే ఎర్రటి నీళ్లు, గోడ కట్టినట్టు. పన్నెండు గీతలూ ఒక్కసారే మునిగాయి.

తిట్టిన పుల్లమ్మ అతని చేయి గట్టిగా పట్టుకుంది. చాలాసేపటిదాకా వదల్లేదు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున ఎండ కాసింది. కొట్రయ్య రెండు చేతులతో గుడ్డ తెచ్చి స్వామి ముందు పట్టాడు. స్వామి తీసుకోలేదు. మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నాడు.

"నాయనా, ఈపొద్దు ఎన్నో గీత?" పుల్లమ్మ మూట కట్టుకుంటూ అడిగింది.

"మూడు, అవ్వా."

"అయితే దాటచ్చా?"

కొట్రయ్య గుడ్డ నడుముకు చుట్టుకుని, ఒడ్డు వెంబడి కొండవైపు నడవడం మొదలుపెట్టాడు.

"రాయి ఈడుంటే ఆ పక్కకెందుకు పోతాండావ్?" అని కేకేసింది అవ్వ.

"పోనీ తల్లీ," అన్నాడు శరభయ్య స్వామి. "వాగును చూడ్డానికి పోతున్నాడు."