నాలుగో ప్రయాణికుడు

ఆ ఓడ ఎంత పెద్దది, అందులో ఏమేమి వడ్డించారు అన్న సంగతులు ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ కథలోని పెద్దమనిషి ఆ ఓడ ఎక్కనే లేదు.

ఇతరులు చేసిన ఏర్పాటును తన చేత్తో ఒకసారి మార్చనిదే తృప్తి పడని విశ్వపతి అనే విశ్రాంత ఇంజనీరు కాకినాడలో ఉండేవాడు. పక్కింటివారి పెళ్ళిపందిరి గుంజలు సైతం పీకించి మళ్ళీ పాతించిన ఘనుడాయన.

ఆయన చెల్లెలు హైమవతి భూగోళం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసింది. మంచుకొండ అంచు విరిగి సముద్రంలో పడే దృశ్యాన్ని ఎందరో పిల్లలకు వర్ణించిందే గాని, తాను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కంటిచూపు నానాటికీ తగ్గుతోంది. వచ్చే వేసవి దాకా చూపు నిలవడం కష్టమని వైద్యుడు చెప్పేశాడు.

"అన్నయ్యా, నీ పక్కన నిలబడి ఆ ఒక్కటీ చూస్తే చాలు," అంది.

విశ్వపతికి చెల్లెలంటే ప్రాణం. వెంటనే ఒప్పుకున్నాడు. కోపెన్‌హాగెన్ రేవు నుంచి ఉత్తరానికి వెళ్ళే ఓడలో తనకు, భార్య కామేశ్వరికి, చెల్లెలికి చోటు తీసుకున్నాడు. అక్కడిదాకా విమాన ప్రయాణం కూడా ఓడ కంపెనీయే కుదిర్చింది. హైదరాబాదు కార్యాలయంలో నఫీసా అనే ఉద్యోగిని ముగ్గురికీ ఒకే విమానంలో పక్కపక్క సీట్లు వేయించింది. హైమవతికి మెట్లు కనబడవని తెలుసుకుని, చేయిపట్టి నడిపించే మనిషిని కూడా ఏర్పాటు చేసింది.

వంక పెట్టడానికి ఏమీ దొరకక విశ్వపతికి రెండు రోజులు అన్నం సహించలేదు. చివరకు దొరికింది.

"ముగ్గురం కలిసి బయలుదేరకూడదు. ముగ్గురు వెళితే పని చెడుతుందని అమ్మ ఎప్పుడూ పంపేది కాదు. నేను వేరే విమానంలో వస్తాను."

"అయితే పెట్టెలో ఒక రాయి వేసుకుందాం అన్నయ్యా. దానితో నలుగురం," అని హైమవతి నవ్వింది.

"పరిహాసం కాదు హైమా."

నఫీసా ఫోనులో ఓపికగా నచ్చజెప్పింది. "సార్, మా ద్వారా వెళితే విమానం ఆలస్యమైనా మిమ్మల్ని ఓడకు చేర్చే పూచీ మాది. విడిగా వెళితే ఆ పూచీ ఉండదు."

"ఆనకట్టలు కట్టినవాణ్ణి. నాకు మీరు పూచీ ఏమిటమ్మా?" అని ఆయన తన టిక్కెట్టు రద్దు చేయించి, స్వయంగా మరొకటి కొనుక్కున్నాడు.

ప్రయాణం నాడు కోపెన్‌హాగెన్‌లో పెనుగాలి వీచింది. విమానాలన్నీ ఆలస్యమయ్యాయి. ఆ ముగ్గురూ అక్కడి విమానాశ్రయంలో కలుసుకునే వేళకు ఓడ వెళ్ళిపోయింది.

"గుమ్మం విడివిడిగా దాటాం. తీరా ముగ్గురం ఒకే బెంచీ మీద కూలబడ్డాం. ఇప్పుడేమంటారు?" అంది కామేశ్వరి.

ఆయన ఏదో అనబోయేంతలో ఆడవారిద్దరి పేర్లు రాసిన పలక పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. ఓడ దారి మధ్యలో ఆగే రేవు ఒక్కటే. అక్కడికి వెళ్ళే విమానంలో కంపెనీ తన ప్రయాణికులకు సీట్లు పట్టి ఉంచింది. విశ్వపతి నఫీసాకు ఫోను చేశాడు. ఆయన బాధ్యత ఆమెది కాదు. అయినా ఆమె ఫోను పెట్టేయకుండా ఒక్కొక్క విమానమూ వెతికింది. సీటు దొరకలేదు.

"మీ పేరు కూడా మా దగ్గరే ఉండి ఉంటే, సార్..." అని అంతటితో ఆగిపోయింది. ఒక్క మాట దెప్పలేదు.

"అన్నయ్య లేకుండా నేను వెళ్ళను," అని హైమవతి మొండికేసింది.

విశ్వపతి చెల్లెలి చేయి తీసుకుని, పలక పట్టుకున్న ఆ మనిషి చేతిలో పెట్టాడు. మరొకరి ఏర్పాటును ఆయన మార్చకుండా సాగనివ్వడం అదే మొదటిసారి.

"వెళ్ళు హైమా. నా వంతు కూడా నువ్వే చూడు."

ఆయన ఒంటరిగా ఇంటికి తిరిగి వచ్చాడు. కొన్నాళ్ళకు, వాళ్ళు తిరిగి రాకముందే, హైమవతి పంపిన ఒక చిన్న పొట్లం అందింది. అందులో ఒక గులకరాయి, ఒక ఉత్తరం ఉన్నాయి. చూపు ఆనక రాసినందువల్ల అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి.

"అన్నయ్యా, మంచుకొండ విరిగింది. ముందు కనబడింది, తరువాత వినబడింది. తెల్లగా ఉంటుందని పిల్లలకు ఇన్నేళ్ళూ తప్పు చెప్పాను, లోపలంతా నీలం. 'చూశావా?' అని పక్కకు తిరిగాను. నువ్వు లేవు. ఒడ్డున ఈ రాయి ఏరాను. నాలుగో మనిషి సిద్ధం. మళ్ళీ ముగ్గురం ఎప్పుడు బయలుదేరుదాం?"

వేసవి రాకముందే హైమవతికి చూపు పూర్తిగా పోయింది. ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. విశ్వపతి ప్రతి సాయంత్రం వెళ్ళి, చెల్లెలి చేయి పట్టుకుని నడిపించేవాడు. ఆ ఉత్తరానికి మాత్రం ఎన్నడూ జవాబు చెప్పలేదు.

నమ్మదగినవారు చేసిన ఏర్పాటును అహంకారంతో చెరుపుకున్నవాడు, దానితో పాటు తనవారి తోడునూ పోగొట్టుకుంటాడు.