ఒక్కసారే పిలువు

పావనికి రెండున్నరేళ్లు. ఐదో నెలలో మొదలైన ఫిట్స్ మందులతో తగ్గాయి గానీ, పేరు పెట్టి పిలిస్తే మాత్రం పిల్ల తల తిప్పదు. వాళ్లమ్మ ఈరమ్మ రెండు బస్సులు మారి, వారానికి మూడు రోజులు ఆదోనిలోని థెరపీ సెంటరుకు ఎత్తుకొస్తుంది.

"అమ్మా అనకపోయినా పర్వాలేదు మేడం. పిలిస్తే ఒక్కతూరి నా పక్క చూస్తే సాలు," అంటుంది వచ్చినప్పుడల్లా.

ఆ మాట వినీ వినీ తబితకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అక్కడి థెరపిస్టు హఫీజా మేడం దగ్గర ఏడాదిగా పని నేర్చుకుంటున్న అమ్మాయి. పనికి ప్రాణం పెడుతుంది. గిలక్కాయ ఊపేది, చప్పట్లు కొట్టేది. "పావనీ, పావనీ, ఇటు చూడమ్మా, ఇదిగో పావనీ!" పిలుపులకేం కరువు లేదు. ఎనిమిది నెలలు గొంతు పోయేలా పిలిచినా గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఆ రోజు ఫైలు పట్టుకుని హఫీజా దగ్గరికి వెళ్లింది.

"పేరుకు పలకదని రాసేస్తాను మేడం. ఇక రావద్దని చెప్పేద్దాం. ఆ తల్లికి లేనిపోని ఆశ ఎందుకు?" అంటూనే ఏడ్చేసింది.

హఫీజా ఫైలు ముట్టుకోలేదు. లేచి వచ్చి, ఫ్యాను ఆపి, చాప మీద పావని పక్కన కూర్చుంది. ఈరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పిలువు," అంది హఫీజా, తబితను తన పక్కన కూర్చోబెట్టి.

"పావనీ! పా..."

తబిత నోటి మీద హఫీజా చెయ్యి పడింది. గిలక్కాయ వైపు పోతున్న చేతినీ ఆవిడే పట్టుకుంది. అంత నిశ్శబ్దం ఆ గదిలో తబిత ఎన్నడూ ఎరగదు. హఫీజా మాత్రం అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర కూర్చునే మనిషిలా పిల్లనే చూస్తోంది.

ముందు పిల్ల వేళ్లు ఆడటం ఆగింది. తర్వాత కనురెప్ప కదిలింది. చాలాసేపటికి మెడ మెల్లగా తిరిగింది. పావని తబితను చూసింది.

ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

హఫీజా చెయ్యి తీసింది. "పిల్ల రోజూ బయల్దేరుతూనే ఉందమ్మాయ్. సగం దారిలో ఉండగా నువ్వే మళ్లీ పిలిచి మొదటికి పంపిస్తున్నావు."

తబిత లేచి, ఈరమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి తన చోట కూర్చోబెట్టింది.

"పావనీ," అంది ఈరమ్మ.

ఆ తర్వాత ముగ్గురూ ఎదురుచూస్తూ కూర్చున్నారు.